పార్కు స్థలంలో కమ్యూనిటీ హాలు: అభ్యంతరం దేని మీద?

ప్రశ్న: హైదరాబాదులో ఉప్పల్ వైపు ఉన్న మా కాలనీ దాదాపు ముప్పై అయిదేళ్ల కిందటి లేఅవుట్. మధ్యలో ఆరు వందల గజాల ఖాళీ స్థలం ఉంది. సాయంత్రాలు పిల్లలు అక్కడే ఆడుకుంటారు, పెద్దవాళ్లు నడుస్తారు, బతుకమ్మ ఆడేదీ అక్కడే. కిందటి నెల నగరపాలక సంస్థ ఇంజినీరు వచ్చి కొలతలు తీసుకుని వెళ్లారు. పైన ఒక అంతస్తుతో కమ్యూనిటీ హాలు కడతారనీ, త్వరలోనే శంకుస్థాపన ఉంటుందనీ స్థానిక నాయకుల మనుషులు చెబుతున్నారు. మా రోడ్డు ముప్పై అడుగులే. బండ్లు ఎక్కడ పెడతారు? రాత్రిళ్లు డీజే మోత, పిల్లల పరీక్షలు, చెత్త, వానాకాలంలో నిలిచే నీళ్లు, ఇవన్నీ మా భయాలు. పక్క బస్తీ వాళ్లంతా ఇక్కడికే వస్తారనీ, ఇళ్ల ధరలు పడిపోతాయనీ కూడా కొందరంటున్నారు. సంఘంలో ఇంచుమించు సగం మంది హాలు కావాలనే వాదిస్తున్నారు. సంతకాలు సేకరించాలా, కోర్టుకు వెళ్లాలా, శంకుస్థాపన నాడే అడ్డుకోవాలా? లాయరు ఖర్చుకు ఇంటికి అయిదు వేలు వసూలు చేద్దామన్న మాట కూడా నడుస్తోంది. ఏం చేయమంటారు?
(ఒక కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి)

సమాధానం:

కార్యదర్శి గారికి,

మీరు రాసిన అభ్యంతరాలు ఏడెనిమిది ఉన్నాయి గానీ అన్నిటికీ ఒకే బరువు లేదు. ఒకటి స్థలానికి సంబంధించినది. కొన్ని కట్టడం ఎంత పెద్దది, ఎలాంటిది అన్నదానికి సంబంధించినవి. మరికొన్ని, కట్టిన తరువాత తాళం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్నకు చెందినవి. చివర చెప్పిన రెండూ కట్టడంతో పని లేనివి. వీటన్నిటినీ ఒకే కాగితం మీద రాసి సంతకాలు పెట్టించి ఇస్తే, చదివే అధికారి అన్నిటికంటే బలహీనమైన మాటను పట్టుకుని దానికి మాత్రమే జవాబు రాసి, మిగిలినవాటికి కూడా జవాబు చెప్పినట్టుగా ఫైలు మూసేస్తారు. అందువల్ల సంతకాల మాట కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ స్థలం కాగితాల మీద ఏమని ఉందో తేల్చుకోండి. మీ పోరాటం ఎటు నడవాలన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

ముప్పై అయిదేళ్ల కిందటి లేఅవుట్ అంటే అది అప్పటి హుడా (హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ) ఆమోదించినదైనా అయి ఉండాలి, పంచాయతీ లేక పురపాలక సంఘం స్థాయిలో వేసినదైనా అయి ఉండాలి. హుడా 1975లో ఏర్పడింది, 2008లో హెచ్‌ఎండీఏ అనే మహానగరాభివృద్ధి సంస్థ దాని స్థానంలోకి వచ్చింది. కనుక ఆమోదం పొందిన లేఅవుట్ అయితే దాని నకలు హెచ్‌ఎండీఏ దగ్గర దొరకాలి. మీ ప్రాంతానికి ఇంకొక చిక్కు ఉంది. 2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ) ఏర్పడినప్పుడు చుట్టుపక్కల ఉన్న పన్నెండు పురపాలక సంఘాలు, ఎనిమిది పంచాయతీలు అందులో కలిసిపోయాయి. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం వాటిలో ఒకటి. పాత సంఘాల ఫైళ్లు కొన్ని సర్కిల్ కార్యాలయాల్లోనే ఉండిపోయి ఉండవచ్చు కాబట్టి, ప్రధాన కార్యాలయంలో లేదన్న జవాబు వస్తే అక్కడితో ఆగకుండా సర్కిల్ కార్యాలయంలోనూ అడగండి.

కార్యాలయాల చుట్టూ తిరగడానికి ముందే మీ ఇళ్లలోనే ఒక ఆధారం ఉంది. ఖాళీ స్థలానికి ఆనుకుని ఉన్న ఇళ్ల వాళ్లను తమ రిజిస్ట్రేషన్ దస్తావేజులు బయటికి తీయమనండి. వాటి చివరి షెడ్యూలులో హద్దులు రాసి ఉంటాయి. తూర్పున పార్కు అనో, పడమర లేఅవుట్ ఖాళీ స్థలం అనో, కమ్యూనిటీ హాలు స్థలం అనో ఉంటుంది. నాలుగైదు దస్తావేజుల్లో ఒకే మాట ఉంటే, ఆ ప్లాట్లు అమ్మిన రోజున ఆ స్థలాన్ని దేనికి వదిలారన్నదానికి అది గట్టి సాక్ష్యం. కొన్ని దస్తావేజులకు లేఅవుట్ నక్షా కూడా జతచేసి ఉంటుంది. ఆ స్థలాన్ని లేఅవుట్ వేసిన వాళ్లు గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించారా లేదా అన్నది సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీసి చూడండి. అప్పగించకుండా వదిలేసి ఉంటే పాత పట్టాదారు వారసులు ఎప్పుడో ఒకప్పుడు ముందుకు వచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు హాలు కావాలన్న వాళ్లూ వద్దన్న వాళ్లూ ఒక్క వైపే నిలబడవలసి వస్తుంది.

ఇక రెండో పని సమాచార హక్కు దరఖాస్తు. 2005 చట్టం కింద రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "కమ్యూనిటీ హాలు గురించి సమాచారం ఇవ్వండి" అని రాస్తే రెండు వాక్యాల జవాబు వస్తుంది. లేఅవుట్ నకలు, గిఫ్ట్ డీడ్ నకలు, హాలుకు ఇచ్చిన పరిపాలనా అనుమతి ఉత్తర్వు, అంచనా వ్యయం, డబ్బు ఏ పద్దు నుంచి వస్తోంది, కట్టడం నక్షా, పార్కింగుకు చూపిన స్థలం, కట్టాక నిర్వహణ ఎవరికి అప్పగిస్తారు అని ఒక్కొక్కటి వేరుగా, వరుస సంఖ్యతో అడగండి. నకళ్లతో పాటు ఫైలును స్వయంగా చూసే హక్కు కూడా ఆ చట్టం ఇచ్చింది. దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ గానీ, ఫైలు చూసినవాళ్లకు నోట్ షీట్ల మీద కింది అధికారి ఏమి సందేహం రాశాడో, పై అధికారి దాన్ని ఏమని దాటవేశాడో కూడా తెలుస్తుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేక వచ్చిన జవాబు సరిపోకపోతే, మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయవచ్చు.

కాగితాలు వచ్చాక రెండు దారులున్నాయి.

లేఅవుట్‌లో అది పార్కుగానే ఉంటే, హాలు ఎంత మంచిదైనా అక్కడ వద్దనే చెప్పండి, తడబడకుండా చెప్పండి. దీనికి సుప్రీంకోర్టు తీర్పు ఆసరా ఉంది. బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ లేఅవుట్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చినప్పుడు, ఆ ప్రాంతవాసులు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది. పార్కుగా చూపిన స్థలాన్ని ప్రభుత్వం తన ఇష్టానుసారం మరొకదానికి మళ్లించకూడదనీ, దానిని ప్రశ్నించే హక్కు అక్కడ నివసించే వాళ్లకు ఉందనీ చెప్పింది. అయితే ఒక తేడాను మీ లాయరు దాచినా మీరు మరచిపోవద్దు. అక్కడ స్థలం పోయింది ప్రైవేటు సంస్థకు, ఇక్కడ కడుతున్నది నగరపాలక సంస్థే, అది కూడా ప్రజల వాడకానికే అంటుంది. కనుక ఆ తీర్పు మీకు బలమే గానీ, చూపించగానే కేసు గెలిచేస్తారని అనుకోకండి. మరొక మాట. చెరువులు, పార్కులు, లేఅవుట్ ఖాళీ స్థలాల ఆక్రమణలను తొలగించడానికి 2024 జూలైలో ఏర్పడిన హైడ్రాకు ఫిర్యాదు చేద్దామని మీ సభ్యులలో ఎవరో అనే ఉంటారు. ప్రైవేటు వ్యక్తి ఎవరైనా ఆ స్థలం తనదంటూ ప్రహరీ కడితే ఆ తలుపు తట్టండి. నగరపాలక సంస్థ తానే కట్టే కట్టడానికి అది సరైన తలుపు కాదు.

రెండో దారి, అది సామాజిక అవసరాలకు వదిలిన స్థలమని తేలడం. లేఅవుట్లలో పార్కును, సామాజిక అవసరాల స్థలాన్ని వేరువేరుగా చూపించడం ఉంది. మీ పిల్లలు ఇన్నేళ్లుగా అక్కడ ఆడుకుంటున్నారు కాబట్టి మీరు దాన్ని పార్కు అంటున్నారేమో చూసుకోండి. అలా తేలితే మాత్రం హాలునే ఆపాలన్న పట్టుదల నిలబడదు, నిలబెట్టడం న్యాయం కూడా కాదని నా అభిప్రాయం. అప్పుడు మీరు పోరాడవలసింది హాలు పరిమాణం మీద, దాని వాడకం మీద.

పరిమాణం అన్నాను. మిగిలిన భయాలన్నిటినీ తేల్చేది అదే. మీ ఆరు వందల గజాల స్థలం రమారమి 500 చదరపు మీటర్లు. అందులో కింద ఒక పెద్ద హాలు, పైన డైనింగు హాలు, వెనుక వంటశాల, వధూవరులకు రెండు గదులు అని నక్షా వేస్తే అది పేరుకు కమ్యూనిటీ హాలు, పనికి ఫంక్షన్ హాలు. మూడు నాలుగు వందల మంది వస్తారు, ముప్పై అడుగుల రోడ్డు మీద ఇరువైపులా కార్లు నిలుస్తాయి, మూడో కారు వచ్చేసరికి అంబులెన్సుకు దారి ఉండదు. అదే స్థలంలో నూరు నూట యాభై మందికి సరిపడే ఒక్క హాలు కట్టి, వంటశాల బదులు వడ్డనకు చిన్న గది మాత్రం ఉంచి, మిగిలిన స్థలాన్ని చెట్లతో, ఆటస్థలంతో అలాగే వదిలితే, సీమంతాలు, ఇరవై ఒకటో రోజు వేడుకలు, సంఘం సమావేశాలు, యోగా తరగతులు, వైద్య శిబిరాలు నడుస్తాయి. లక్షల ఖర్చు పెట్టి డీజే పెట్టే వాళ్లు ఆ హాలును తమంతట తామే వద్దనుకుంటారు. నిబంధన రాసి ఆపడం కంటే చోటు చిన్నది చేసి ఆపడం తేలిక. ఇంజినీరు దగ్గర మీరు మొదట అడగవలసింది ఇదే, అది కూడా టెండరు పిలవక ముందే. టెండరు అయ్యాక నక్షా మార్చమంటే ఎవరూ మార్చరు.

అగ్నిమాపక శాఖ అనుమతి సంగతి కూడా అడగండి. 2012 భవన నిబంధనల ప్రకారం, ఫంక్షన్ హాళ్ల వంటి జనం గుమిగూడే కట్టడాలకు స్థలం 500 చదరపు మీటర్లు, అంతకంటే ఎక్కువ అయినా, ఎత్తు 6 మీటర్లు దాటినా ఆ శాఖ నిరభ్యంతర పత్రం అవసరం. పైన అంతస్తు వేస్తే మీది ఎత్తు లెక్కలోనే అందులోకి వస్తుంది. చెట్లు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. వాననీళ్ల విషయంలో, 2020 అక్టోబరు 13 నాటి వాన చూసిన ఉప్పల్ వాళ్లకు నేను చెప్పవలసింది లేదు. ఇన్నాళ్లూ ఇంకిన నీళ్లు సిమెంటు వేశాక రోడ్డు మీదికి వస్తాయి కనుక ఇంకుడు గుంతలు, వాననీటి కాలువ కలిపే చోటు నక్షాలో గుర్తించి ఉన్నాయా చూడండి.

చప్పుడు విషయంలో చాలామందికి ఒక పొరపాటు నమ్మకం ఉంటుంది, మీ కాలనీలోనూ ఉండవచ్చు. రాత్రి పది దాటితే మైకు మూయించవచ్చు కదా అని ధైర్యంగా ఉంటారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లను, సంగీత వాద్యాలను నిషేధించిన మాట నిజమే. కానీ అదే నిబంధనలో మూసి ఉన్న ఆవరణలకు మినహాయింపు ఉంది. ఆడిటోరియంలు, విందు హాళ్లతో పాటు కమ్యూనిటీ హాళ్లను పేరు పెట్టి మరీ అందులో చేర్చారు. లోపలి వాళ్లకు వినిపించడానికి మాత్రమే మైకు వాడుకోవచ్చునని దాని అర్థం. అంటే పది తరువాత మీరు పోలీసులకు ఫోను చేస్తే, నిర్వాహకులు ఈ మినహాయింపును చూపిస్తారు. అప్పుడు మీ చేతిలో ఉండవలసింది మరో నియమం. నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదు. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకరు వాడితే, ఆ స్థలం సరిహద్దు దగ్గర ఆ హద్దు కంటే 10 డెసిబెల్స్ మించరాదు, ఏదేమైనా 75 దాటరాదు. అందువల్ల తలుపులు, కిటికీలు బార్లా తెరిచిపెట్టిన హాలుకు "మూసి ఉన్న ఆవరణ" అన్న మినహాయింపు వర్తించదని మీరు వాదించాలి. అంతకంటే ముందు, కిటికీలకు రెండు పొరల అద్దాలు, ప్రధాన ద్వారం ఇళ్లవైపు కాకుండా రోడ్డువైపు, జనరేటరు గది దూరంగా, ఇవన్నీ నక్షాలోకే ఎక్కించాలి. బయట బారాత్ ఆపే చోటు, బ్యాండు ఆపే వేళ బుకింగు కాగితం మీదే రాయించాలి. 2024లో నగర పోలీసులు డీజేలను నిషేధించారు కదా అంటారేమో, ఆ ఉత్తర్వు మతపరమైన ఊరేగింపులకు సంబంధించినది. పెళ్లి బారాత్‌ల విషయంలో దాని మీద భరోసా పెట్టుకోకండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఇంటర్, పదో తరగతి పరీక్షలు నడిచే రోజుల్లో మైకు వాడే బుకింగులు రాత్రి ఎనిమిదికే ముగియాలన్న షరతు పెట్టమని అడగండి. మాఘ, ఫాల్గుణ ముహూర్తాలు సరిగ్గా అప్పుడే ఉంటాయి కాబట్టి ఒత్తిడి వస్తుంది. షరతు ముందే రాతలో ఉంటే ఒత్తిడిని తట్టుకోవడం తేలిక.

నడిపేది ఎవరన్నది తేలకుండా ఇవేవీ నిలబడవు. కట్టేటప్పుడు అందరూ ఉంటారు, రెండేళ్ల తరువాత తాళం ఎవరో ఒక్కరి జేబులో ఉంటుంది, అద్దె రసీదు లేకుండా వసూలవుతుంది. అందుకని నగరపాలక సంస్థ అధికారి, మీ సంఘం ప్రతినిధులు, పక్క బస్తీ ప్రతినిధులు కలిసిన కమిటీ ఉండాలనీ, అద్దె రేటు గోడ మీద రాసి ఉండాలనీ, వారంలో కొన్ని రోజులు అద్దెకు ఇవ్వకుండా కాలనీ పనులకు ఉంచాలనీ అడగండి. ముందుగా కట్టించుకునే డిపాజిట్టు నుంచి చెత్త తొలగింపు ఖర్చు మినహాయించుకోవచ్చునని కూడా రాయించండి. మరుసటి ఉదయం స్వచ్ఛ ఆటో రాకముందే విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు రోడ్డు మీద చెల్లాచెదురుగా పడి ఉండడం ఫంక్షన్ హాళ్ల పక్కన ఉండేవాళ్లకు నిత్యం తెలిసిన దృశ్యం. డిపాజిట్టు పోతుందంటే ఎవరైనా ఊడ్పించే వెళతారు.

ఇప్పుడు బస్తీ మాట. మీరు "కొందరంటున్నారు" అని రాసి దాన్ని మీది కాదన్నట్టు చూపారు గానీ, సంఘం తరఫున ఇచ్చే కాగితంలో ఆ వాక్యం చేరితే అది సంఘం మాటే అవుతుంది. చేర్చవద్దు. మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. ఈ నగరంలో కమ్యూనిటీ హాళ్లకు పునాది పడిందే బస్తీల అవసరం మీద. 1967లో నగరపాలక సంస్థలో పట్టణ సమాజాభివృద్ధి పథకం మొదలైనప్పటి నుంచి బాల్వాడీలు, కుట్టు శిక్షణ, ఆరోగ్య కార్యక్రమాలు అలాంటి చిన్న హాళ్లలోనే నడిచాయి. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు కూడా పలుచోట్ల కమ్యూనిటీ హాళ్లలోనే వెలిశాయి. అరవై గజాల ఇంట్లో, అందులోనూ అద్దెకు ఉండే కుటుంబంలో ఎవరైనా కన్నుమూస్తే, శవాన్ని లోపలికి తేవద్దనే యజమానులు ఈ నగరంలో తక్కువేమీ లేరు. గల్లీలో శామియానా వేసి, ఎండలో వానలో ఆ కుటుంబం కూర్చుంటుంది. పదకొండో రోజు భోజనాలూ ఆ గల్లీలోనే, ఆ మురుగు పక్కనే. వాళ్లకు ఒక చోటు ఉండడం మీకు నష్టం కాదు. పైపెచ్చు, రోడ్డు మూసి వేసే శామియానాల బాధ మీ వీధికీ తగ్గుతుంది. ఇక ఇళ్ల ధరల మాట అసలు ఎత్తకండి. దాన్ని ఏ అధికారీ లెక్కలోకి తీసుకోరు, విన్నవాళ్లకు మాత్రం మీ మిగిలిన మాటల మీద కూడా గౌరవం తగ్గుతుంది. దానికి బదులు బస్తీ పెద్దలతో ఒకసారి కూర్చోండి. చిన్న హాలు, తక్కువ అద్దె, రాత్రి పదికి ముగింపు అన్నవి వాళ్లకూ పనికొచ్చే షరతులే. పెద్ద ఫంక్షన్ హాలు కడితే అద్దె వాళ్లకు అందదు. మీ రెండు వర్గాలూ కలిసి సంతకం చేసిన కాగితాన్ని పక్కన పడేయడం ఏ నాయకుడికైనా కష్టం.

మీ సంఘంలో హాలు కావాలంటున్న సగం మంది సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నగరంలో ఫంక్షన్ హాలు అద్దె భరించలేక వాళ్లు అడుగుతున్నారు, అది న్యాయమైన కోరికే. సర్వసభ్య సమావేశం పెట్టకుండా, కార్యవర్గం పేరుతో అభ్యంతరం పంపితే, వాళ్లు మరుసటి రోజే అనుకూలంగా మరో కాగితం పంపుతారు. అప్పుడు రెండూ చెల్లవు. మీది 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘమే అయి ఉంటుంది కనుక, మీ నియమావళిలో చెప్పినంత ముందుగా నోటీసు ఇచ్చి, హాజరు పుస్తకంలో సంతకాలు తీసుకుని, తీర్మానం మినిట్స్‌లో రాయించండి.

కోర్టు విషయంలో తొందర వద్దు. కాగితాలు పార్కని చెబితే, ముందు నగరపాలక సంస్థకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, జవాబు రాకపోయినా, పని మొదలుపెట్టినా అప్పుడు హైకోర్టులో రిట్ వేయవచ్చు. అడగకుండానే నేరుగా వెళితే, సంస్థకు ముందు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న మీకే ఎదురవుతుంది. పని మొదలై గోడలు లేచే దాకా ఆగడం కూడా పొరపాటే, ప్రజల డబ్బు ఖర్చయిపోయిందన్న వాదన అప్పటికి మీ మీద బలంగా పడుతుంది. అయిదు వేల వసూలు ఇప్పుడే వద్దు. కాగితాలు చూడకుండా వసూలు చేస్తే, తీరా అది సామాజిక స్థలమని తేలాక తిరిగి ఇవ్వలేక సంఘం చీలిపోతుంది. శంకుస్థాపన నాడు అడ్డుకోవడం అసలే వద్దు. ఆ రోజు పోలీసులు ఉంటారు, కేసులు మీ కాలనీ కుర్రవాళ్ల మీద పడతాయి, వార్తల్లో మీరు అభివృద్ధి వద్దన్నవాళ్లవుతారు.

ఈ వారంలో చేయవలసింది ఇంతే. సమాచార హక్కు దరఖాస్తు వేయండి, దస్తావేజుల హద్దుల పేజీలు నకళ్లు తీయించండి, సర్వసభ్య సమావేశానికి నోటీసు ఇవ్వండి. అందులో తీర్మానమయ్యాక వచ్చే సోమవారం ప్రజావాణిలో (అధికారులు ప్రజల వినతులు తీసుకునే కార్యక్రమంలో) వినతిపత్రం ఇవ్వండి. లేఅవుట్ ప్రకారం ఆ స్థలం ఏమిటో తేలేవరకు టెండరు పిలవవద్దని, తేలిన తరువాత నక్షాను సంఘానికి చూపించి అభిప్రాయం తీసుకోవాలని, ఈ రెండే అందులో అడగండి. రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదాని మీద స్వీకరించినట్టు ముద్ర, తేదీ వేయించుకుని సంఘం ఫైల్లో ఉంచండి.